ఏడాదికొక వారం

మా ఇంట్లో ఉక్కు బీరువా పై అరలో ఒక నీలిరంగు ఫైలు ఉన్నది. ఇరవై రెండు పేజీల ఒప్పందపత్రం, ప్లాస్టిక్ సభ్యత్వ కార్డు, మంచు కొండల బొమ్మలతో ఒక పుస్తకం, ఏటేటా చెల్లించిన నిర్వహణ రుసుము రసీదులు అందులో భద్రంగా ఉన్నాయి. ఇంటి దస్తావేజులకు కూడా నేనింత శ్రద్ధగా అట్ట వేయలేదని మా శ్రీమతి అప్పుడప్పుడు ఎత్తిపొడుస్తుంది. 2010లో మూడు లక్షల రూపాయలకు వాయిదాల పద్ధతిపై ఆ ఫైలు మా ఇంటికి వచ్చింది. దాని ప్రకారం 2035 వరకు ప్రతి సంవత్సరం ఏదో ఒక విహారకేంద్రంలో ఏడు రాత్రులు గడిపే హక్కు మా కుటుంబానికి ఉన్నది. దీనినే టైమ్‌షేర్ అంటారు. మన సంస్థలో నా వయసువారి ఇళ్ళల్లో ఇటువంటి ఫైళ్ళు చాలానే ఉన్నాయని క్యాంటీన్ సంభాషణల వల్ల గ్రహించాను. పైకి చెప్పుకునేవారు మాత్రం తక్కువ.

నేను కొన్న తీరు వింటే పాఠకులు నవ్వుతారు. సూరత్‌లో ఒక పెద్ద దుకాణంలో నెలవారీ సరుకులు కొన్నప్పుడు, పేరు, ఫోను నంబరు రాసి ఒక చీటీని డబ్బాలో వేశాము. వారం తిరగకుండానే బహుమతి వచ్చిందనీ, దంపతులిద్దరూ వచ్చి తీసుకోవాలనీ కబురు వచ్చింది. హోటలు హాలులో తొంభై నిమిషాలని మొదలైన కార్యక్రమం మూడు గంటలు సాగింది. టై కట్టుకున్న ఒక కుర్రవాడు కాగితం, కలం నా చేతికిచ్చి, "సార్, మీరు ఇంజనీరు కదా, మీరే లెక్క వేసి చూడండి" అన్నాడు. లెక్క వేయమంటే ఆగలేని జాతి మనది. ఇరవై అయిదు సంవత్సరాలు, ఏడు రాత్రుల చొప్పున నూట డెబ్బై అయిదు రాత్రులు. మూడు లక్షలను భాగిస్తే రాత్రికి 1,714 రూపాయలు. వేసవిలో ఊటీలో మంచి గది ఆ ధరకు దొరకదు. పైగా ఏటా అద్దెలు పెరుగుతాయి, మన ధర పెరగదు. ఇంకేమి కావాలి?

పంపు కొనేటప్పుడు కొన్న ధర ఒక్కటే చూడకూడదు, జీవితకాలమంతా అది తినే కరెంటు, మరమ్మతు ఖర్చు కూడా కలిపి చూడాలి అని కొత్తగా చేరిన ఇంజనీర్లకు శిక్షణ తరగతుల్లో పాఠం చెప్పేది నేనే. ఆ సాయంత్రం ఆ పాఠం నాకు గుర్తు రాలేదు. 2011లో తొమ్మిది వేలున్న నిర్వహణ రుసుము 2020 నాటికి పదిహేడు వేలయింది. బహుమతిగా ఇచ్చిన ప్రెషర్ కుక్కరు మాత్రం నేటికీ చక్కగా పని చేస్తున్నది.

అయితే నేను సంతకం చేసింది లెక్క చూసి మాత్రమే కాదు. అందుకు గోడాదరా సంగతి కొంత చెప్పాలి.

మా నాన్న చేనేత కార్మికుడు. పూర్వపు నల్లగొండ జిల్లాలోని మా ఊళ్ళో మగ్గం మీద బతుకు గడవక 1983లో సూరత్ వచ్చి సాంచెల మీద పనికి కుదిరాడు. మొదట లింబాయత్‌లో అద్దె గది, తరువాత దానికి దగ్గరలోని గోడాదరా. తెలంగాణ పద్మశాలీ కుటుంబాలు వేల సంఖ్యలో స్థిరపడిన ప్రాంతమది. అక్కడి వీధిలో కళ్ళు మూసుకుని నడిస్తే చుట్టూ వినిపించే మాటలను బట్టి గుజరాత్‌లో ఉన్నామని అనుకోలేము. బతుకమ్మ ఆడతారు, నగరపాలక సంస్థ వారి తెలుగు మాధ్యమ పాఠశాలలు ఉన్నాయి, మా అక్క పిల్లలు అందులోనే చదివారు. పగలూ రాత్రీ సాంచెల చప్పుడు మాత్రం ఆగదు. మా అమ్మ ఆ చప్పుడు మధ్యనే ఇరవై ఏళ్ళకు పైగా కండెలు చుట్టింది. నేను విద్యార్థి వేతనంతో వరంగల్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, మన సంస్థలో చేరి, నాలుగైదు చోట్ల పని చేసి 2008లో బదిలీపై సూరత్ వచ్చాను. నాకు నగరానికి ఆ కొసన కంపెనీ క్వార్టర్సు. నాన్న పోయిన తరువాత అమ్మను మా దగ్గరకు రమ్మన్నాము. క్వార్టర్సులో మాట్లాడేవారు లేరని ఆమె గోడాదరాలో అక్కా బావల దగ్గరే ఉండిపోయింది.

ఆ ఇంటి గోడకు ఎప్పటిదో ఒక ఊటీ బొమ్మ క్యాలెండరు ఉండేది. సంవత్సరం మారినా అమ్మ దానిని తీయనిచ్చేది కాదు. సూరత్ ఎండల్లో చెమట తుడుచుకుంటూ, "మే నెలల కూడ ఆడ కంబళి కప్పుకుంటరట, నిజమేనా కొడుకా?" అని ఒకసారి అడిగింది. నిజమేనమ్మా అన్నాను. హోటలు హాలులో ఆ కుర్రవాడు చూపిన పుస్తకంలో మొదటి బొమ్మ ఊటీదే. సభ్యత్వ పత్రంలో నా పేరు, మా శ్రీమతి పేరుతో పాటు మూడవ సభ్యురాలిగా అమ్మ పేరు రాయించాను.

2012, 2014, 2017లలో మేము ఆ సౌకర్యం వాడుకున్నాము, పిల్లలు సంతోషించారు. ప్రతిసారీ అమ్మకు ఏదో ఒక అడ్డంకి వచ్చేది. ఒకసారి మనవరాలి పురుడు, ఇంకోసారి ఊళ్ళో పెళ్ళి. చివరకు 2020 మే నెల 10వ తేదీ నుంచి వారం రోజులు ఊటీలో గది దొరికింది. ముందు సంవత్సరం డిసెంబరులో, బుకింగు తెరచిన రోజున తెల్లవారుజామున లేచి కంప్యూటరు ముందు కూర్చుని సంపాదించిన వారమది. అక్క అమ్మకోసం ఒక ఉన్ని శాలువా కొన్నది.

తరువాత జరిగినది అందరికీ తెలిసినదే. మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి లాక్‌డౌన్. రైళ్ళు, విమానాలు, హోటళ్ళు అన్నీ మూతపడ్డాయి. మా ప్లాంటు అత్యవసర సేవ కనుక ఆగలేదు. మేము కొందరము వారాల తరబడి ఆవరణలోనే ఉండి షిఫ్టులు నడిపాము. నగరానికి ఆ కొసన నేను, ఈ కొసన అమ్మ. ఫోను తప్ప దారి లేదు. గోడాదరాలో సాంచెలు ఆగిపోయిన మొదటి రాత్రి అమ్మ నిద్ర పోలేదట. "చప్పుడు లేకపోతె భయమైతున్నది కొడుకా" అన్నది. బావ కార్ఖానాలో మాస్టరు. ఆయన ఇంటి మేడ మీద గదుల్లో మా జిల్లా కుర్రవాళ్ళు అద్దెకుంటారు. పని లేదు, కూలి లేదు, ఊరికి పోదామంటే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ లేదు. సూరత్ నుంచి వరంగల్, ఖమ్మం మీదుగా పోయే ఆ బండి గోడాదరా తెలుగువారికి ఒక బంధువు వంటిది. కుర్రవాళ్ళు లారీ మాట్లాడుకుని బయలుదేరుతామన్నారు. బావ వద్దని ఆపాడు. ఆ రెండు నెలల అద్దె ఆయన అడగలేదు. అక్క రోజూ పెద్ద గంజులో అన్నం వండింది.

అప్పుడు అక్క నాతో ఫోనులో అన్నది: "ఈసారి మేము ఊరికి పోము తమ్మీ. తొంభై నాలుగుల పోయి చూసినం గదా."

1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు ప్రబలినప్పుడు లక్షలాది మంది నగరం విడిచి వెళ్ళారు. గల్ఫ్ దేశాలు కొన్ని మన దేశానికి విమానాలు ఆపివేశాయి. అక్కా బావా ఇద్దరు చిన్నపిల్లలతో రైలులో నిలబడి ఊరు చేరితే, సూరత్ నుంచి వచ్చినవారని ఊళ్ళోకి రానివ్వలేదు. ఎనిమిది రోజులు ఒక తోటలోని పాకలో ఉన్నారు. బిందెతో నీళ్ళు తెచ్చి దూరంగా పెట్టి పోయేవారట, మా సొంత పెదనాన్న ఇంటివారు కూడా. నేను అప్పుడు వేరే రాష్ట్రంలో కొత్తగా ఉద్యోగంలో ఉన్నాను. ఉత్తరం పది రోజులకు అందింది. మరుసటి సంవత్సరం మునిసిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు గారు నగరాన్ని ఊడ్చి శుభ్రం చేయించిన కథ దేశమంతటికీ తెలుసు. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో సమానంగా సూరత్‌కు ప్రథమస్థానం దక్కింది. కాని అక్క మనసులో ఆ పాక అట్లాగే ఉండిపోయింది.

నా ఊటీ వారం సంగతికి వస్తాను. ఏప్రిల్‌లో, దేశమంతా తలుపులు వేసుకుని ఉన్న రోజుల్లో, ఆ సంవత్సరపు నిర్వహణ రుసుము నోటీసు ఇ-మెయిల్‌లో వచ్చింది. గడువు దాటితే వడ్డీ అదనం. ఆ వారంలోనే నా బల్లమీద మన కాంట్రాక్టర్ల దరఖాస్తులు ఉన్నాయి. కరోనా వల్ల సరఫరా దెబ్బతింటే దానిని ప్రకృతి వైపరీత్యంగా పరిగణించి ఫోర్స్ మజూర్ నిబంధన వర్తింపజేయవచ్చునని కేంద్ర ఆర్థికశాఖ 2020 ఫిబ్రవరి 19న స్పష్టం చేసింది. మే 13న ఇంకొక ఉత్తర్వులో ఖర్చు పెంచకుండా మూడు నుంచి ఆరు నెలల గడువు ఇవ్వవచ్చునన్నది. పైపులు అందించలేకపోయిన చిన్న కాంట్రాక్టరుకు గడువు పొడిగిస్తూ నేను నోట్‌షీటు రాశాను. ఆ రాత్రి నీలి ఫైలు తెరచి, పదేళ్ళలో మొదటిసారి ఇరవై రెండు పేజీలూ చదివాను. పద్దెనిమిదవ పేజీలో ఫోర్స్ మజూర్ ఉన్నది. అంటువ్యాధి వచ్చినా, యుద్ధం వచ్చినా గది ఇవ్వనందుకు సంస్థకు బాధ్యత లేదు. సభ్యుడు రుసుము కట్టనవసరం లేదని మాత్రం ఎక్కడా లేదు. టెండరు పత్రంలో ప్రతి కామానూ పట్టుకునే మనము సొంత కాగితం మీద కళ్ళు మూసుకుని సంతకం చేస్తాము! రుసుము కట్టాను.

వాడని వారాన్ని మరుసటి సంవత్సరానికి బదలాయిస్తున్నామని సంస్థ తెలియజేసింది. సంతోషించాను. తరువాత ఆలోచిస్తే, ఇంజనీరుగా నాకు అనుమానం వచ్చింది.

మన క్వార్టర్సులో వంద ఇళ్ళుంటే, ఇంటికి అయిదు కిలోవాట్ల చొప్పున అయిదు వందల కిలోవాట్లకు ట్రాన్స్‌ఫార్మరు పెట్టము. అందరూ ఒకే క్షణాన గీజరు, మిక్సీ, ఇస్త్రీపెట్టె వేయరు కనుక చాలా తక్కువతో సరిపోతుంది. దీనిని డైవర్సిటీ ఫ్యాక్టర్ అంటాము. టైమ్‌షేర్ వ్యాపారం నిలబడేది కూడా దీని మీదనే. సభ్యులలో కొందరు ఆ సంవత్సరం రారు, కొందరు వర్షాకాలంలో వస్తారు, కొందరు వేరే దేశంలోని వారం మార్చుకుంటారు. స్విట్జర్లాండులో 1963లో హపిమాగ్ ప్రారంభమైనా, 1974లో అమెరికాలో ఆర్‌సీఐ వారు వారాల మార్పిడి పద్ధతిని పెట్టినా, మన దేశంలో 1980 దశకంలో ఈ వ్యాపారం అడుగుపెట్టినా సూత్రం మారలేదు. ఇందులో మోసమేమీ లేదు, బ్యాంకు నడిచేదీ అట్లాగే.

కాని కరెంటు చాలా గంటలు పోయి వచ్చినప్పుడు ఏమి జరుగుతుందో మన సబ్‌స్టేషన్ సిబ్బందిని అడగండి. ప్రతి ఇంట్లో ఫ్రిజ్, ఏసీ, నీళ్ళ మోటారు ఒక్కసారే మొదలవుతాయి. ఎప్పుడూ కలవని లోడు అంతా ఆ నిమిషంలో కలుస్తుంది, బ్రేకరు పడిపోతుంది. దీనికి కోల్డ్ లోడ్ పికప్ అని పేరు. 2020లో వాడని వారాలన్నింటినీ 2021కి, 2021వి 2022కి బదలాయిస్తే జరిగేది ఇదే. కాగితం మీద వారాలు పెరుగుతాయి, ఊటీలో గదులు పెరగవు. 2019లో ప్రపంచంలో దాదాపు 146 కోట్ల అంతర్జాతీయ పర్యాటక ప్రయాణాలు నమోదయ్యాయి. 2020లో అందులో మూడవ వంతు కూడా లేవు. విదేశాలకు పోలేనివారందరూ కారు వేసుకుని దగ్గరి కొండ మీదకే బయలుదేరారు. 2021 మే నెలకు బుకింగు దొరికింది కాని రెండవ కెరటం వచ్చింది, ఆ మాట ఇక్కడ విస్తరించను. మన విభాగంలోనే ఇద్దరు మిత్రులను పోగొట్టుకున్నాము. ఆ అక్టోబరులో ప్రయత్నిస్తే 'ఖాళీలు లేవు'. 2022 వేసవికి కూడా అదే జవాబు. జులై వర్షాల్లో వేరొకచోట ఇస్తామన్నారు.

ఈ మధ్యలో ఒక హాస్యం జరిగింది. 2020 అక్టోబరు 12న కేంద్ర ప్రభుత్వం ఎల్‌టీసీ బదులు నగదు పథకం ప్రకటించింది. 2018-21 బ్లాకు ప్రయాణం చేయలేనివారు, ఛార్జీకి మూడు రెట్లు, పన్నెండు శాతమో ఆపైననో జీఎస్టీ పడే వస్తువుల మీద 2021 మార్చి 31లోగా ఖర్చు చేసి బిల్లు చూపించవచ్చు. ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులకూ వర్తించింది. ఆ బిల్లుల కోసం మన వాళ్ళు దుకాణాల చుట్టూ తిరిగిన తిరుగుడు ఒక చిన్న తీర్థయాత్రే. మేము ఒక పెద్ద ఫ్రిజ్ కొన్నాము. ఊటీ చల్లదనం ఇంటికే వచ్చిందని మా శ్రీమతి అన్నది.

2021 చలికాలంలో అమ్మ మోకాళ్ళు పట్టివేశాయి. మెట్లు ఎక్కవద్దు, దూరప్రయాణం వద్దు అని డాక్టరు చెప్పాడు. ఇరవై అయిదేళ్ళ ఒప్పందంలో ప్రతి సంవత్సరపు వారమూ సమానమే. మనిషికి అట్లా కాదని నాకు అప్పుడే తట్టింది. 2010లో అమ్మ బావి నుంచి బిందె ఎత్తుకు రాగలిగేది.

2022 డిసెంబరులో ఒక శనివారం కారు వేసుకుని అమ్మను, అక్కను డాంగ్ జిల్లాలోని సాపుతారాకు తీసుకువెళ్ళాము. సూరత్ నుంచి నాలుగు గంటల ప్రయాణం. మామూలు హోటలులో కింది అంతస్తు గది, ఒక్క రాత్రి అద్దె రెండు వేల అయిదు వందలు. నీలి ఫైలుతో పని లేదు. తెల్లవారుజామున అమ్మ ఉన్ని శాలువా కప్పుకుని వరండాలో కుర్చీ వేయించుకుని పొగమంచు చూస్తూ కూర్చున్నది. అక్క టీ తెచ్చింది. "ఇది మే నెల గాదు గదా" అన్నది అమ్మ. "కాదమ్మా, డిసెంబరు." "డిసెంబరుల చలి యాడనైన ఉంటది" అన్నది. అయినా పది గంటల వరకు అక్కడి నుంచి లేవలేదు.

మా విభాగంలో కొత్తగా చేరిన ఒక యువ ఇంజనీరు ఈ మధ్య నన్ను అడిగాడు: "సార్, ఇప్పుడు అయిదేళ్ళకు, పదేళ్ళకు కూడా ఇస్తున్నారట, వారాలకు బదులు పాయింట్లట, తీసుకోనా?" విహారం మానుకొమ్మని నేనెవరికీ చెప్పను. మూడు షిఫ్టులలో పని చేసేవారికి గాలిమార్పు ఎంత అవసరమో నాకు తెలుసు. కాని మే నెలలో ఎంతమంది సభ్యులకు ఎన్ని గదులున్నాయో రాతపూర్వకంగా అడుగు, తలుపులు మూసిన సంవత్సరం రుసుము ఎవరు భరిస్తారో చూడు అన్నాను. ఐరోపావారు 1994లోనే ఆదేశం చేసి, సంతకం పెట్టినవాడు పది రోజుల్లోగా కారణం చెప్పకుండా మానుకునే హక్కు కల్పించారు, 2008లో దానిని పద్నాలుగు రోజులు చేశారు. మనకు టైమ్‌షేర్‌కు ప్రత్యేక చట్టం లేదు, వినియోగదారుల రక్షణ చట్టమే ఆధారం. కనుక ఆ పది రోజులు సంతకానికి ముందే నువ్వు తీసుకో అన్నాను. ఇంకొక సంగతి కూడా చెప్పాను. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఊటీ, కొడైకెనాల్ వెళ్ళే వాహనాలకు ఈ-పాస్ వచ్చింది. 2025 వేసవిలో నీలగిరికి మామూలు రోజుల్లో ఆరు వేలు, వారాంతాల్లో ఎనిమిది వేల వాహనాలే అనుమతించారు. కొండకు కూడా గరిష్ఠ లోడు ఉంటుందని కోర్టు గుర్తు చేయవలసి వచ్చింది. ఇంకా పదేళ్ళ తరువాతి మే నెలను ఎవరు ఎవరికి అమ్మగలరు?

నా ఫైలుకు ఇంకా పదేళ్ళ ఆయుష్షు ఉన్నది. 2029లో నేను పదవీ విరమణ చేస్తాను. రుసుము అప్పటికీ పెరుగుతూనే ఉంటుంది. బెంగుళూరులో ఉన్న మా అబ్బాయి పేరున మార్పించుకొమ్మంటే, "నాన్నా, వచ్చే నెల నాకు సెలవు దొరుకుతుందో లేదో నాకే తెలియదు, 2035 మాట నన్నడుగుతావేమిటి?" అన్నాడు. 2024 దీపావళికి గోవాలో ఒక వారం దొరికితే బావకు ఇస్తానన్నాను. లాక్‌డౌన్‌లో ఆయన చేసినదానికి నేను చేయగలిగింది అంతమాత్రమే అనిపించింది. బావ నవ్వాడు. "సాంచెలు బందయ్యేదే పండుగకు. గా వారం ఊరికి పోకపోతె మా అన్నదమ్ములు ఏమనుకుంటరు బామ్మర్దీ? నీ గోవల మమ్ముల నెవరు గుర్తువడ్తరు?" ఆయన నవజీవన్‌కు టికెట్లు రెండు నెలల ముందే తీసి పెట్టుకున్నాడు. 1994లో ఆయనను పాకలో ఉంచిన ఊరే అది. తరువాత ఒక్క దీపావళి, అదీ 2020ది, తప్ప ఆయన ఎన్నడూ మానలేదు. ఈ సంగతిని ఏ లెక్కలో వేయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

గత నెలలో సభ్యత్వం వదులుకుంటామని సంస్థకు రాశాను. కట్టిన దానిలో తిరిగి వచ్చేది ఏమీ లేదని, ఫారముపై సభ్యులందరి సంతకాలు కావాలని జవాబు వచ్చింది. ఆదివారం ఫారము తీసుకుని గోడాదరా వెళ్ళాను. ఎప్పటివలె సాంచెల చప్పుడు. అమ్మ కళ్ళజోడు సవరించుకుని, "గీ కాయిదంల నా పేరున్నదా?" అని అడిగింది. చూపించాను. ఇన్నేళ్ళుగా తన పేరు అందులో ఉన్నదని ఆమెకు తెలియదు.

"సంతకం పెడితె వాళ్ళేమిస్తరు?"

"ఏమీ ఇయ్యరమ్మా. ఇగ పైసలు అడగరు."

కండెల డబ్బా మూత ఒళ్ళో పెట్టుకుని, దాని మీద ఫారము పరచి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ తన పేరు రాసింది. గీత దాటి కొంచెం కిందికి వచ్చింది. ఇంకొక ఫారము తేనా అంటే అక్కరలేదన్నది.